ముక్కు మీద బరువు

మొన్న దమ్మాం రోడ్డు మీద కంపెనీ బస్సుల వస్తుంటే ఒక పికప్ బండి మమ్మల్ని దాటుకుంట పోయింది. దాని వెనక తెల్లటి కారవాన్ కట్టి ఉంది. కారవాన్ అంటె చక్రాల మీది ఇల్లు, లోపల మంచాలు, పొయ్యి, బాత్రూం అన్నీ ఉంటయి. అది తోక ఊపుతున్నది. కుడికి పోయి, ఎడమకి వచ్చి, మళ్ళ కుడికి పోతున్నది. పోయిన కొద్దీ ఊపు పెద్దగైతున్నది. బస్సుల ఉన్నోళ్ళు ఫోన్లు బయటికి తీసి వీడియోలు తీసుడు షురూ చేసిండ్రు. నా కుడికాలు మాత్రం దానంతట అదే పైకి లేసింది. "బ్రేకు కొట్టకు, కొట్టకురా నాయనా," అని గట్టిగ అన్న కూడ. పక్క సీట్ల నేపాలాయన నా కాలు దిక్కు, నా మొఖం దిక్కు చూసి జర దూరం జరిగిండు.

ఆ డ్రైవర్‌కు ఎవరు నేర్పిండ్రో గని, బ్రేకు కొట్టలే. కాలు తీసిండు. కారవాన్ రెండు మూడు ఊపులు ఊగి, అలిగిన పిల్ల మెత్తబడ్డట్టు మెల్లగ సాపుగైంది. వీడియో తీసేటోళ్ళు నిరాశపడ్డరు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఎందుకంటె నా కాలుకు ఆ బుద్ధి చెప్పినాయన పోయి అప్పటికి నెల దాటింది.

ఆయన్ని పేరు పెట్టి పిలిచినోళ్ళు మా యార్డుల ఎవ్వరూ లేరు. అందరికీ చాచానే. పాకిస్తాన్ పెయింటర్‌కు చాచా, బంగ్లా పనోళ్ళకు చాచా, ఆఖరికి మా కఫీల్, అంటె మాకు వీసాలిచ్చి పనిల పెట్టుకున్న సౌదీ ఆసామి, ఆయన సుత "యా చాచా" అనే పిలుస్తుండె. నేను మెట్‌పల్లి దిక్కు మనిషిని. చాచాది రాయచోటి. నా తెలుగు ఆయనకు నవ్వులాట, ఆయన తెలుగు నాకు నవ్వులాట. "మీరు మాటలు మింగుతారబ్బీ," అంటుండె ఆయన. "మీరు మాటలు సాగదీస్తరు చాచా," అంటుంటి నేను.

మా యార్డు సులైల ఉంది. రియాద్‌కు ఆ కొసన, గోదాములు, షెడ్లు, లేబర్ క్యాంపులు ఉన్న జాగా. కఫీల్ కారవాన్లు కిరాయికి తిప్పుతడు. చలికాలం వచ్చిందంటె సౌదీలు పక్కా ఇండ్లు విడిచిపెట్టి, పిల్లా జెల్లతోని ఎడారిలకు పోయి మంట పెట్టుకొని కూసుంటరు. దానికే కష్తా అని పేరు. కారవాన్లకు టైర్లు, బ్రేకులు, వెల్డింగు చూసుకునుడు నా పని. దాన్ని లాక్కపోయి ఇసుకల నిలబెట్టి, మళ్ళ లాక్కొచ్చుడు చాచా పని. దారిల ఏదన్న ఖరాబైతె ఉండాలెనని నేను సుత వెంట పోతుంటి.

నేను చేరిన రోజే చూసిన ఆయన చేసే వింత పని. కారవాన్ ముందట ఇనుప ముక్కు ఒకటి పొడుసుకొచ్చి ఉంటది. దాని కొసకు ఉన్న గిన్నె అసొంటిది, లాగే బండి వెనక ఉన్న ఇనుప గుండు మీద కూసుంటది. కూసోబెట్టే ముందు చాచా ఆ ముక్కు కింద రెండు చేతులు పెట్టి, మోకాళ్ళు వంచి, మెడ నరాలు ఉబ్బంగ ఎత్తబోయిండు. బక్క మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, చలికాలం ఎండకాలం ఒక్కటే బూడిద రంగు వేస్ట్‌కోటు. ముక్కు ఇంచు కదలలే. చాచా లేసి నిలబడి చేతులు దులుపుకొని, బంగారం దొరికినోని లెక్క నవ్విండు.

నాకు పాపం అనిపించింది. "చాచా, నేను ఒక చెయ్యి వెయ్యాల్నా?" అన్న.

"వద్దబ్బీ. లేయకూడదనే లేపుతాండా," అన్నడు.

"అదేం ముచ్చట?"

"నా చేతికి లేసిందనుకో, ముక్కు తేలికని అర్థం. ముక్కు తేలికైతే బరువంతా తోకలో ఉన్నట్టు. తోక బరువైతే రోడ్డు మీద ఊపుతాది. ఒకసారి ఊపడం మొదలుపెట్టిందంటే మనం దాన్ని లాగేది పోయి అది మనల్ని లాగుతాది. ముక్కు మీద బరువుండాల. అప్పుడే అణిగి మణిగి వస్తాది."

బరువు లేపలేకపోతె సంబురపడే మనిషిని నేను గంతవరకు చూడలే. ఆ తర్వాత సుత చూడలే.

ఆయన లొల్లి అంత కట్టెల కాడ. ఎడారిల దిగంగనే సౌదీలకు మొట్టమొదలు నిప్పు కావాలె, తివాచీ కావాలె, గావా కావాలె. గావా అంటె ఆళ్ళ పచ్చ కాఫీ. ముందుగాల కావాల్సినయి సులువుగ అందాలెనని మా పనోళ్ళు కట్టెల మోపులు, తివాచీలు, నీళ్ళ డ్రమ్ములు ఆఖర్ల ఎక్కించి వెనక తలుపు కాడ పేర్చేటోళ్ళు. కష్తా పని చేసేటోళ్ళు అందరు చేసే తప్పే ఇది. చూస్తె తెలివైన పనే అనిపిస్తది. కని తోకకు ఎన్ని మోపులైతె అంత ఊపు. చాచా ముక్కు లేపి చూసేటోడు, అది టక్కున లేసేది, ఇగ ఆయన అరుపులు సులై అంత ఇనబడేటియి.

"నీకు ముందు గావా కావాల్నా, ముందు పానం కావాల్నా?" అని ఉర్దూల తిట్టి, తెలుగుల తిట్టి, అంత దింపిచ్చి, కట్టెలు, డ్రమ్ములు చక్రాలకు ముందుపక్క పెట్టించేటోడు. కఫీల్ ఇంట్ల పెండ్లికి పోవుడు ఆలస్యమైతున్నా సరే, దింపుడే. బంగ్లా పనోళ్ళు గులుగుకుంట దింపేటోళ్ళు. మళ్ళ ముక్కు కింద చేతులు, మళ్ళ ఎత్తుడు. కదలకపోతె ఆ నవ్వు.

బండి నడుపుడు చూడాల్నంటె ఆయనదే చూడాలె. ఎనభై దాటేటోడు కాదు. ఈ దేశంల ఎనభైల పోయేటోన్ని మనిషిల లెక్క పెట్టరు. వెనక నుంచి లైట్లు కొడుతరు, హారన్లు కొడుతరు, దాటుకుంట కిటికీల నుంచి చెయ్యి ఊపి బూతులు తిడుతరు. చాచా ఏ హారన్ ఇన్నా చెయ్యెత్తి "వలేకుం సలాం" అంటుండె. ఎవ్వరు తిట్టినా అదే జవాబు. ఓసారి ఒక పెద్దమనిషి బండి పక్కకు తెచ్చి మరీ తిట్టిండు. చాచా ఛాతి మీద చెయ్యేసుకొని, తల వంచి, ఎంత మర్యాదగ సలాం చెప్పిండంటె ఆ మనిషి తిట్టు సగంల ఆపి తానూ సలాం చెప్పి పోయిండు. నవ్వలేక నా పొట్ట నొచ్చింది.

పెద్ద ట్రక్కు దాటుడుంటది చూడు, అది కారవాన్‌కు గండం. చాచా అద్దంల చూసి ముందే జర పక్కకు ఒత్తుకుంటుండె. ఇగ నాకు చెప్పుడు పెడుతుండె. "వస్తాండాడు. ఇప్పుడు నూకుతాడు. సూడు, నూకినాడా? ఇప్పుడు గుంజుతాడు. ఆ, గుంజినాడు. పోయినాడు." ఆ గాలి సుత ఆయన మాట ఇని చేస్తున్నదా అనిపిస్తుండె నాకు.

ఒక దినం ఇసుక గాలి లేసింది. పక్క నుంచి ఒక్క తోపు తోసింది, వెనక కారవాన్ ఊపందుకున్నది. నాకు పైపాణం పైననే పోయింది. "బ్రేకు, చాచా, బ్రేకు!" అని ఒర్రిన. ఆయన నన్ను ఇన్నట్టే లేదు. ఎక్సలేటర్ మీదికెల్లి కాలు తీసిండు. ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద మేకు కొట్టినట్టు పెట్టిండు. కుడిచేత్తోని స్టీరింగ్ కింద ఉన్న చిన్న డబ్బా మీట మెత్తగ నొక్కిండు. ఆ మీట నొక్కితె వెనక కారవాన్ చక్రాలకే బ్రేకు పడుతది, ముందు బండికి పడదు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకొని నిలబెట్టినట్టు కారవాన్ సాపుగైంది.

బండి పక్కకు ఆపిండు. ఆయన దిగి చక్రాల మీద అరచెయ్యి పెట్టి వేడి చూసుకుంట చెప్పిండు. "మన బండికి బ్రేకు కొడితే ముందుది ఆగుతాది, వెనకది ఆగదు. తోసుకోని పక్కకొస్తాది. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచేద్దామంటే దానికి ఇంకింత ఊపు నువ్వే ఇచ్చినట్టు. కాలు తియ్, చెయ్యి కదపొద్దు, మీట నొక్కు. అంతే."

"అంత ఊగుతుంటె భయం కాదా చాచా?"

"ఎందుకు కాదు? నాకు మా గువ్వలచెరువు ఘాటులో లారీ తోలిన కాడ నుంచీ భయమే. భయం గుండెల్లో ఉండనీ అబ్బీ. కాల్లోకి దిగనీయొద్దు."

శుక్రవారం నమాజ్ అయినంక చాచా ఆ కారవాన్ ముక్కు మీదనే కూసొని ఇంటికి ఫోన్ చేస్తుండె. అటు దిక్కు ఆయన ఇంటామె. ఉర్దూ సగం, తెలుగు సగం. ఆమెకు ఒక్కటే కోరిక, మక్కా చూడాలె. ఆయనేమో లెక్కలేనన్ని సార్లు ఉమ్రా, అంటె మక్కా యాత్ర, చేసొచ్చిండు. పోయిన ప్రతిసారీ ఆమె పేరు మీద దువా చేసి, "ఈసారి దానితోనే వస్తా" అని అక్కడ చెప్పి వచ్చేటోడట. "ఆడ తెల్ల రాయి పరిచినారు, నడి ఎండలో గూడా కాళ్ళు కాలవు," అని ఫోన్ల చెప్తుండె. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. "చక్రాల కుర్చీ ఇస్తారు. నేనే తోస్తా. నీకు తెలుసు గదా, నేను తోస్తే తోక ఊపదు," అని నవ్వుతుండె. నేను హిందువును, మక్కా ఊర్లెకు పోయేది లేదు. ఆ తెల్ల రాయి గురించి నాకు తెలిసిందంత ఆమెతో ఆయన చెప్పంగ ఇన్నదే. అయినా ఇప్పటికీ నేను చూసొచ్చినట్టే ఉంటది.

గప్పుడే నితాకత్ అని సర్కారు కొత్త కానూను వచ్చింది. సౌదీలను ఇంతమందిని పెట్టుకోవాలె, లేకపోతె కంపెనీ ఎరుపు లిస్టుల పడుతది. ఎరుపుల పడితె పరదేశోళ్ళ ఇకామాలు, అంటె ఈడ ఉండెటందుకు ఇచ్చే కార్డులు, రెన్యూ కావు. ఇకామా లేకపోతె ఇక్కడ మనిషి ఉన్నా లేనట్టే. దాని వెనకనే పరదేశి తలకు ఇంత అని ఫీజు వచ్చింది, ఏడాదికేడాది పెరిగింది. పక్క గోదాముల మనుషులు ఒక్కొక్కలు సంచులు సర్దుకొని పోతుండ్రి. సాయంత్రం బూఫియా కాడ, అంటె చాయ్ దుకాణం కాడ, కూసుంటె ఒక్కటే ముచ్చట, "మీ దాంట్ల ఎవలెవలు?"

మా దాంట్ల చాచా.

కఫీల్ చెడ్డోడు కాదు, ఉన్నది చెప్పుకోవాలె. చాచాను పిలిచి, ఎదురుంగ కూసోబెట్టుకొని, తన చేత్తోని గావా పోసి చెప్పిండు. తన అక్క కొడుకు బదర్‌ను డ్రైవర్‌గ పెడుతున్న అన్నడు. ఒక సౌదీ లెక్కల పెరుగుతడు, ఒక పరదేశి తగ్గుతడు. "నువ్వు వానికి నేర్పు. వాడు తయార్ అని నువ్వు చెప్పాలె, ఇంకెవ్వరి మాట నేను ఇనను. సీజన్ ఐపోయేలోపు వాడు తయారైతె నీకు ఫైనల్ ఎగ్జిట్, ఇంటికి పోవుడే. కాకపోతె ఇంకో ఏడాది నీ ఇకామా రెన్యూ చేస్తా, ఏం కట్టాల్నో కడుతా, డ్రైవర్ లేకపోతె నాకు నడవదు. ఇకామా రెన్యూ అయినంక మీ ఇంటామెకు విజిట్ వీసా కాగితం మీద సంతకం పెడుతా. మాట ఇస్తున్న," అన్నడు.

అంటె ఏందన్నట్టు? తాళంచెవి చాచా చేతిల పెట్టిండన్నట్టు. సీజన్ దాటేదాక "ఇంకా రాలే" అని తల అడ్డం ఊపితె చాలు. ఇకామా, వీసా, ఇంటామె, మక్కా, అన్నీ వెనక వెనక వచ్చేస్తయి. బూఫియా కాడ అందరం అదే చెప్పినం. నేనైతె చెవిల ఇల్లు కట్టుకొని చెప్పిన. "చాచా, వాడు చిన్నోడు, వానికి తొందరేం లేదు. జర లాగు. నీకు లాగుడు నేర్పాల్నా?" అన్న. చాచా నవ్విండు.

బదర్ వచ్చిండు. ఇరవై దాటిన పోరడు, ఒక్క చేత్తోని స్టీరింగ్, ఇంకో చేతిల ఫోను, దోస్తులతోని ఖాళీ రోడ్ల మీద టైర్లు అరిపించిన పానం. మొదటి దినమే కారవాన్ ముక్కు ఎత్తమని చాచా అన్నడు. పనోళ్ళు అలవాటుగ కట్టెలన్నీ తోకల పేర్చి ఉండిరి. బదర్ చేతులు పెట్టిండు, ఒక్క ఊపుల లేపిండు. లేపి మా దిక్కు చూసి కండలు చూపెట్టిండు.

"ఓడిపోయినావ్," అన్నడు చాచా అరబ్బీల.

వాని మొఖం చూడాలె అప్పుడు. సామానంత దింపిచ్చి, వాని చేతనే మళ్ళ సర్దిచ్చి, మళ్ళ ఎత్తమన్నడు. ఈసారి లేయలే. "ఇప్పుడు గెలిచినావ్," అన్నడు. పోరనికి కోపమొచ్చింది, సిగ్గైంది, ఇగ నవ్వొచ్చింది. గా నవ్వుతోని వాడు చాచా వాడైపోయిండు.

నేర్పుడంటె గట్ల నేర్పాలె. కన్న కొడుక్కు సుత ఎవ్వరు గట్ల నేర్పరు. బదర్ తోలుతుంటె చాచా పక్కన కూసొని ఎడమచెయ్యి ఆ మీట దగ్గర ఆనించి పెట్టుకునేటోడు. ఎప్పుడన్న తోక కదిలిందంటె ఆయనే నొక్కేటోడు. హారన్ కొట్టినోనికి వలేకుం సలాం చెప్పుడు సుత నేర్పిండు. సౌదీ పోరడు సౌదీ తిట్లకు సలాం చెప్తుంటె నేను వెనక సీట్ల నోరు మూసుకొని నవ్వుకున్న. కని లోపల మండుతుండె. ఇంత మంచిగ నేర్పుడెందుకు, నీ గొయ్యి నువ్వే తొవ్వుకునుడు కాదా ఇది అని. ఆ మాట సుత అన్న. "సగం నేర్పిస్తే వాడు సగం దూరం పోయి చస్తాడబ్బీ," అన్నడు.

ఇంకో రెండు కష్తాలైతె సీజన్ ఐపోతదనంగ వచ్చింది ఆ దినం. ఈసారి కిరాయి కాదు, కఫీల్ ఇంటోళ్ళే పోతున్నరు. రియాద్ నుంచి మక్కా దిక్కు రోడ్డు పట్టుకుంటె తువైక్ కొండ అంచు వస్తది, ఆడ రోడ్డు నిట్టనిలువున కిందికి దిగుతది. బదర్ తోలుతున్నడు, పక్కన చాచా, వెనక నేను. మా వెనకనే కఫీల్ ఇంటి బండి, దాంట్ల ఆడోళ్ళు, చంటిపిల్లలు. బయలెల్లే ముందు ముక్కు ఎత్తి చూసింది బదరే. లేయలే. చాచా చూసుకుంట నిలబడ్డడు.

దిగుడు సగంల ఉన్నం. కొండ చాటు ఐపోయి గాలి ఒక్కసారి తగిలింది. అదే టైముకు యాత్రికుల బస్సు ఒకటి మమ్మల్ని దాటింది, బుయ్యిమని. నూకింది, గుంజింది. కారవాన్ తోక ఊపింది. ముందు చిన్నగ, తర్వాత పెద్దగ. నాకు కుడి అద్దంల తెల్లటి గోడ కనబడ్డది, మాయమైంది, ఎడమ అద్దంల కనబడ్డది. వెనక బండిల పిల్లలున్నరు. ఓరి దేవుడా, ఐపోయింది అనుకున్న.

చాచా చెయ్యి మీట మీదికి పోయింది. నేను కండ్లార చూసిన. మీటను తాకబోయి, ఆగింది. ఆగి, వెనకకొచ్చి, ఆయన మోకాలు మీద కూసున్నది.

బదర్ కాలు తీసిండు. స్టీరింగ్ గట్టిగ పట్టుకున్నడు, తిప్పలే. మీట మీద వేళ్ళు పెట్టి, పాలగ్లాసు మీది మీగడ తీసినంత మెత్తగ నొక్కిండు. ఒక ఊపు, ఇంకో ఊపు, చిన్న ఊపు. సాపు. వెనకనుంచి ఎవడో హారన్ కొట్టిండు. బదర్ చెయ్యెత్తిండు. "వలేకుం సలాం," అన్నడు.

కింద దిగి పక్కకు ఆపిండ్రు. బదర్ దిగి, ఎవ్వరు చెప్పకుంటనే చక్రాల మీద అరచెయ్యి పెట్టి వేడి చూసిండు. ఇద్దరు మొఖాలు కడుక్కొని పక్కపక్కన, పొద్దు వాలినంక చేసే అసర్ నమాజ్ చేసిండ్రు. వాళ్ళ నెత్తి మీద పచ్చ బోర్డు, మక్కాకు ఇన్ని కిలోమీటర్లు అని రాసి బాణం గుర్తు. చాచా లేసి వచ్చి ఆ బోర్డు దిక్కు జరసేపు చూసిండు.

నేను దగ్గరికి పోయి మెల్లగ అన్న. "చాచా, నీ చెయ్యి ఆగుడు నేను చూసిన, ఇంకెవ్వరు చూడలే. మీట ఎవరు నొక్కిండ్రో కఫీల్‌కు తెల్వదు. రెండు కష్తాలు. రెండంటె రెండు. ఇంకా రాలే అని చెప్పు. ఇంటామె మొఖం యాది చేసుకో."

"వచ్చేసినాది గదా వానికి," అన్నడు. "వచ్చినదాన్ని రాలేదని యెట్ల చెప్తా?"

"ఒక్క అబద్ధం చాచా. ఎవనికేం నష్టం?"

ఆయన నా భుజం మీద చెయ్యేసిండు. నమాజ్ చేసిన కాడి ఇసుక ఇంకా ఉన్నది ఆ చేతికి. "రాలేదని నేను చెప్తే ఆ పిల్లోడు నమ్ముతాడబ్బీ. నేనేం చెప్పినా నమ్ముతాడు. నమ్మితే వాని చేతికి అనుమానం వస్తాది. ఈపొద్దు ఆ చెయ్యి కదల్లేదు, యాలంటే దానికి అనుమానం లేదు. రేపు కదిలిందనుకో? వెనక పిల్లోళ్ళ బండి ఉంటాది. నేను మక్కాకి పొయ్యి ఆడ ఏమని దువా చేసేది?"

నేను నా జిందగిల శానమందిని చూసిన. మంచోళ్ళను సుత చూసిన. కని అంత మాట అంత మామూలుగ చెప్పినోన్ని చూడలే. ఆ మనిషి ముందట నిలబడెటందుకు నేను సరిపోననిపించింది, నిజంగ.

ఆ సాయంత్రమే మంట కాడ కఫీల్ పక్కన కూసొని, గావా కప్పు కింద పెట్టి, "జాహిజ్," అన్నడు. తయార్ అని. కఫీల్ మంటల ఇంకో కట్టె పెట్టిండు. "ఇంకోసారి ఆలోచించుకో చాచా," అన్నడు. చాచా తల ఊపిండు, ఆలోచించినట్టే. బదర్‌కు ఈ ఒప్పందం సంగతే తెల్వదు. వాడు సంబురంగ లేసి చాచా నెత్తి ముద్దు పెట్టుకున్నడు.

ఎయిర్‌పోర్టుకు నేనూ, బదర్ పోయినం. ట్రాలీ మీద బరువు డబ్బాలన్నీ చాచా ముందుపక్క పేర్చుకున్నడు. బదర్ చూసి నవ్వి, అందరు చూస్తుంటె ట్రాలీ ముందు కొస కింద చేతులు పెట్టి ఎత్తబోయిండు. లేయలే. "గెలిచినావ్ చాచా," అన్నడు. గప్పుడు ఏడ్చిండు పోరడు.

తర్వాత వాట్సాప్‌ల గొంతు పంపుతుండె. సలాం లేదు, బాగున్నావా లేదు, మొదటి మాటే "తోక ఎట్లుందబ్బీ?" అని. "సాపుగున్నది చాచా," అని నేను. ఏజెంటు ద్వారా ఇంటామెను ఉమ్రాకు తీస్కరావాలెనని శాన కొట్లాడిండు. ఒక ఏడు పైసలు కాలే, ఒక ఏడు కరోనా అని దార్లు మూసిండ్రు, తర్వాత ఆయన గుండె మొరాయించింది. పోయిన నెల ఆ గొంతు ఆగిపోయింది.

ఆయన పోయిన వారానికి, నేను యార్డుల కారవాన్ బ్రేకులు విప్పుకొని కూసుంటె ఫోన్ మోగింది. చాచా నంబరే. ఎత్తితె ఆడగొంతు. ఇన్ని శుక్రవారాలు దూరంకెల్లి ఇన్న గొంతు.

"నేను చాచా ఇంటిదాన్ని అబ్బీ. ఆయన ఫోన్లో నీ పేరే పైన ఉండాది."

"చెప్పు అమ్మా."

"ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పు. మక్కా తీసకపోతానని అన్ని ఏండ్లు చెప్పినాడు. ఆఖరికి తీసకపోయేటప్పుడు వచ్చేసినాడు. వాళ్ళు పంపించినారా, ఆయనే వచ్చేసినాడా? నేను అడిగితే ఫీజులు పెరిగినాయని చెప్పి మాట మార్చినాడు."

నేను లేసి నిలబడ్డ. ఫీజులే అమ్మా అంటె ఐపోతది. ఆమె మనసు నెమ్మదిస్తది, సర్కారును రెండు తిట్లు తిట్టుకుంటది. కని ఆ మనిషి పెండ్లాంతోని అబద్ధం చెప్పెటందుకు నా నోరు తిరగలే. అంత చెప్పిన. తువైక్ దిగుడు, తాకబోయి ఆగిన చెయ్యి, మక్కా బోర్డు, నేను చెప్పమన్న అబద్ధం, ఆయన చెప్పని అబద్ధం. ఒక్క మాట చెప్పకుండ ఉంటె ఆ ఎండకాలమే నువ్వు ఇక్కడ ఉండేదానివమ్మా అని సుత చెప్పిన.

ఆమె ఏడుస్తదనుకున్న, ఆయన్ని తిడుతదనుకున్న. తిట్టినా తప్పు లేదు.

"ఆ పిల్లోడు బాగుండాడా?" అన్నది.

"ఎవరమ్మా, బదరా? బాగున్నడు. పెండ్లయింది, బిడ్డ పుట్టింది. ఇప్పటికీ కారవాన్ వాడే తోలుతడు."

"ఎప్పుడన్నా బండితో పడినాడా?"

"లేదమ్మా. ఒక్కసారి సుత పడలే."

ఆమె ఊపిరి తీసుకునుడు నాకు ఇనబడ్డది. "అయితే నేను మక్కా పోయొచ్చినట్టేలే అబ్బీ," అన్నది.

ఫోన్ పెట్టేసింది. బ్రేకులు అట్లనే విప్పి ఉన్నయి. నేను పోయి ఆ కారవాన్ ముక్కు మీద, ఆయన కూసునే కాడనే, చానసేపు కూసున్న.